భూకంపాలు రాని ప్రాంతం

రాఘవేందర్ ఉద్యోగం ఒక ప్రశ్న దగ్గర పోయింది. కింది వాటిలో భూకంపాలు రాని ప్రాంతం ఏది అని అడిగారు. ఒకటి హిమాలయ ప్రాంతం, రెండు అస్సాం, మూడు దక్కన్ పీఠభూమి, నాలుగు పైవేవీ కావు. అతను నాలుగు పెట్టాడు. దిద్దినవాళ్ల జవాబుల కీలో మూడు ఉంది. లాతూర్‌లో ఆ దక్కన్ పీఠభూమే కదిలి వేలమంది చచ్చిపోయి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు. అయినా కీలో మూడే ఉంది. ఒక్క మార్కు తక్కువై అతనికి ఇంటర్వ్యూ పిలుపు రాలేదు. మళ్లీ ఆ ఉద్యోగాలకు ప్రకటన పడేలోపు వయసు దాటిపోయింది. ఆ పరీక్ష పెట్టింది ఎవరో నేను రాయను. రాసినా వాళ్లు చదవరు. వాళ్లకు చదివే అలవాటే ఉంటే ఇదంతా రాయాల్సిన అవసరం వచ్చేది కాదు.

రాఘవేందర్ తండ్రి మాసయ్య తాపీ మేస్త్రీ. వాళ్లది మహబూబ్‌నగర్ జిల్లాలో మక్తల్ దగ్గర ఊరు. వానలు లేని ఒక ఏడాది భార్య నర్సింహమ్మనూ కొడుకునూ వెంటబెట్టుకొని పట్నం వచ్చి, బాగ్ లింగంపల్లి వెనక బస్తీలో ఒక గది కిరాయికి తీసుకున్నాడు. అశోక్‌నగర్‌లో ఇప్పుడు మేడల మీద మేడలు లేచిన ఇళ్లలో కొన్నింటికి ఆయనే గోడలు కట్టాడు. నర్సింహమ్మ తట్ట మోసింది. రాఘవేందర్ కూడా మోశాడు, మోస్తూనే నారాయణగూడలో సాయంత్రం కాలేజీకి వెళ్లి డిగ్రీ పూర్తి చేశాడు. ఆ ఇంట్లో ముగ్గురూ కోరుకున్నది ఒకటే. కొడుకు చేతికి తాపీ రాకూడదు, సర్కారు నౌకరి రావాలి.

అతను నాకు చిక్కడపల్లి లైబ్రరీలో పరిచయం. అక్కడ పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు ఒక పద్ధతి ఉంది. పొద్దున తలుపులు తీయగానే లోపలికి ఉరికి కుర్చీ మీద కర్చీఫ్ వేస్తే ఆ కుర్చీ రోజంతా నీదే. కాస్త కండబలం ఉన్నవాళ్లు ఇతరుల కర్చీఫ్‌లు తీసి పక్కన పడేసి కూర్చుంటారు. రాఘవేందర్ కర్చీఫ్‌ను మాత్రం ఎవరూ తీసేవాళ్లు కాదు. దాని మీద సున్నం మరకలుండేవి. ముట్టుకోవడానికి వాళ్లకు మనసొప్పేది కాదు. అతను ఆ సంగతి గమనించి దాన్ని ఉతకడం మానేశాడు.

నేను అశోక్‌నగర్‌లో ఒక జిరాక్స్ షాపులో పనిచేసేవాణ్ణి. ఇంటర్ మధ్యలో వదిలేశాను. మెషీన్ మీద పెట్టిన ప్రతి కాగితమూ చదవడమే నా చదువు. మధ్యాహ్నం షాపు మూసే వేళ లైబ్రరీకి పోయి, పొద్దున సగం చదివినదాని మిగతా సగం ఏ పుస్తకంలో ఉందో వెతికేవాణ్ణి. ఉద్యోగం కోసం కాకుండా ఊరికే చదివేవాడు ఒకడుంటాడని రాఘవేందర్‌కు వింతగా ఉండేది. "నీకేం పనిలేదా" అని అడిగాడు మొదటిసారి. తర్వాత రోజూ బయట చాయ్ తాగేవాళ్లం.

తొంభైమూడులో, వినాయకులను హుస్సేన్‌సాగర్‌లో కలిపిన మరునాడు తెల్లవారకముందే లాతూర్ జిల్లాలో భూమి కదిలింది. మన దగ్గర కూడా గిన్నెలు గలగలమన్నాయి. లోయర్ ట్యాంక్ బండ్ బస్తీల్లో జనం పిల్లల్ని చంకనేసుకొని రోడ్డు మీదికొచ్చారు. వారం రోజులు అందరూ దాని గురించే మాట్లాడారు, ఆ తర్వాత అందరూ మరిచిపోయారు. మాసయ్యకు మరిచే వీలు లేకపోయింది. ఆ చలికాలంలో అక్కడ శిథిలాలు తీసి కొత్త ఇళ్లు కట్టే పనికి పాలమూరు కూలీలను తీసుకుపోయారు. మాసయ్య వెళ్లాడు, నర్సింహమ్మ వెళ్లింది. ఆ ఏడు ప్రకటనలేమీ పడలేదు కనుక రాఘవేందర్ కూడా వెళ్లాడు.

తిరిగొచ్చాక అతను చెప్పింది నాకు బాగా గుర్తుంది. అక్కడి గోడలు మనిషి చేతులు చాచినంత మందం. నల్లరాళ్లు, మధ్యలో ఉత్త మట్టి. సిమెంటు లేదు, సున్నం లేదు. పైన మట్టి మిద్దె. అంత బరువు నిద్రపోతున్నవాళ్ల మీద పడింది. ఒక ఊళ్లో ఇళ్లన్నీ కూలిపోయాయి గానీ వినాయకుడి మండపం కర్రలు మాత్రం నిలబడే ఉన్నాయట. వాటికి కట్టిన రంగుకాగితాలు గాలికి కొట్టుకుంటుంటే కింద వీళ్లు రాళ్లు ఎత్తారట. ఇదంతా చెప్పి చివర్లో, మనం చదివేదాంట్లో మన దగ్గర భూకంపం రాదని ఉన్నది కదా, మరి ఇదేంది అని అడిగాడు. ఇద్దరం వెతకడం మొదలుపెట్టాం.

తెలుగులో దొరికిన ప్రతి పుస్తకం ఒకటే మాట చెప్పింది. దక్కన్ చాలా పాతది, గట్టిది, కదలదు. ఒకరు రాసిందాన్ని చూసి మరొకరు రాసినట్టు వాక్యాలు కూడా అవే. చివరికి ఇంగ్లిష్‌లో ఒక లావుపాటి పుస్తకం దొరికింది. డిక్షనరీ పక్కన పెట్టుకొని నెలల తరబడి చదివాం.

భూమి పైపొర ఒకే ముక్క కాదనీ, పగిలిన పెంకులాగా కొన్ని పెద్ద పలకలుగా ఉందనీ, ఆ పలకలు ఏడాదికి మన గోళ్లు పెరిగినంత నెమ్మదిగా జరుగుతుంటాయనీ దాంట్లో ఉంది. పలకలు కలిసే హద్దుల దగ్గరే గొడవంతా. రెండు పలకలు దూరం జరిగితే సందులోంచి కరిగిన రాయి పైకొస్తుంది. ఇది ఎక్కువగా సముద్రాల అడుగున జరుగుతుంది. సముద్రపు పలక ఒకటి ఇంకో పలక కిందికి దూరితే అక్కడ పెద్ద భూకంపాలు పుడతాయి. లోతులో రాయి కరిగి అగ్నిపర్వతాలూ లేస్తాయి. జపాన్ సంగతి అదే. మన అండమాన్ దగ్గర బారెన్ దీవిలో తొంభైఒకటిలో అగ్నిపర్వతం రగిలిందీ అందుకే. రెండు పలకలు ఒకదాన్నొకటి రాసుకుంటూ పక్కలకు జరిగితే భూకంపాలు వస్తాయి గానీ అగ్నిపర్వతాలు రావు. రెండు ఖండాలు ఎదురెదురుగా గుద్దుకుంటే నేల ముడతపడి హిమాలయాల్లాంటివి లేస్తాయి. అక్కడా భూకంపాలే.

హద్దుల పటం మీద భూకంపాల చుక్కలూ అగ్నిపర్వతాల చుక్కలూ వేసి చూపించారు. చుక్కలు దాదాపు అన్నీ గీతల మీదే ఉన్నాయి. రాఘవేందర్ ఆ పటాన్ని చాలాసేపు చూసి, లాతూర్ ఎక్కడుంటుందో అక్కడ వేలు పెట్టాడు. గీతకు చాలా దూరం. నడిమధ్యన.

ఆ "దాదాపు" అనే మాట దగ్గరే అతను ఆగిపోయాడు. పుస్తకంలో దానికీ నాలుగు పేజీలున్నాయి. ఎవరూ చదవని పేజీలు, కాగితం అంచులు ఇంకా అంటుకొనే ఉన్నాయి. పలక అంచున పడే ఒత్తిడి లోపలికీ పాకుతుందట. లోపల ఎప్పటివో పాత పగుళ్లుంటే, వేల ఏళ్లకొకసారి అక్కడ తెగుతుందట. అరవైఏడులో కొయనా దగ్గర అట్లాగే వచ్చింది. అరవైతొమ్మిదిలో మన భద్రాచలం దగ్గర కూడా వచ్చింది. అగ్నిపర్వతాలకూ అంతే. హవాయి దీవులు పలక మధ్యలో ఉన్నాయి. ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట దక్కన్ మీద పారిన లావా కూడా పలకల హద్దు దగ్గర పుట్టింది కాదు. అది గట్టిపడ్డ రాయే అతను లాతూర్‌లో నెత్తిన మోసిన నల్లరాయి. అది చదివిన రోజు అతను చాయ్ తాగలేదు. ఊరికే నా భుజం మీద చెయ్యేసి చిక్కడపల్లి చౌరస్తా దాకా నడిచాడు.

అదంతా మంచికే అనుకున్నాను. తొంభైఐదు ఎండాకాలంలో ఆ పరీక్ష వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. రాఘవేందర్ నిజం కోసం ఉద్యోగం వదులుకున్నాడని తర్వాత కొందరు అన్నారు. అది అబద్ధం. అతనికి ఉద్యోగం కావాలి, దానికోసమే నాలుగు పెట్టాడు. పోటీ పరీక్షలవాళ్లకు ఒక నమ్మకం ఉంటుంది. గత రెండేళ్లలో పెద్ద సంఘటన ఏది జరిగినా దాన్ని మెలిపెట్టి అడుగుతారని. ఆ ప్రశ్న చూడగానే ఇది లాతూర్ మీద వేసిన ప్రశ్నేనని అతను అనుకున్నాడు. పాత పుస్తకం బట్టీపట్టినవాడు మూడు పెడతాడు, పేపరు చదివేవాడు నాలుగు పెడతాడు, ఆ ఇద్దర్నీ విడదీయడానికే "పైవేవీ కావు" పెట్టారు అని లెక్కేశాడు. ప్రశ్న వేసినవాడు తనకంటే తెలివైనవాడని నమ్మాడు. అతను చేసిన తప్పు అదొక్కటే. ప్రశ్న వేసినవాడు పాత ప్రశ్నల కట్టలోంచి ఒకటి లాగి, వరస అంకె మార్చి అచ్చుకిచ్చాడంతే.

పరీక్ష రోజు సాయంత్రం అందరూ నారాయణగూడలో ఇరానీ హోటల్‌కి చేరి జవాబులు సరిచూసుకోవడం మామూలు. గోవర్ధన్ సార్ కూడా వచ్చాడు. ఆయన అశోక్‌నగర్‌లో రెండు గదుల్లో కోచింగ్ నడిపేవాడు. అసలు కీ రాకముందే ఆయన కీ చెప్పేవాడు, అది పెద్దగా తప్పేది కాదు. ఆ ప్రశ్న దగ్గరికి రాగానే "మూడు" అని ముందుకు పోయాడు. రాఘవేందర్ ఆపాడు. లాతూర్ గురించి, పలకల గురించి, పాత పగుళ్ల గురించి చెప్పాడు. గోవర్ధన్ సార్ సమోసా నములుతూ మొత్తం విన్నాడు.

"మంచిగ చెప్పినవ్ రాఘవేందర్. సార్ అయితే పనికొస్తవ్. కానీ జవాబు మూడే."

పక్క టేబుల్ మీదున్న ఏడుకొండలు, ఇతనితోపాటే పరీక్ష రాసినవాడు, అందుకున్నాడు. "అన్న రాళ్లు మోసొచ్చిండు కద సార్, ఆ దుమ్ము ఇంకా కండ్లల్లనే ఉన్నది. ఓఎమ్మార్ కనబడలే."

అందరూ నవ్వారు. రాఘవేందర్ కూడా నవ్వాడు, అప్పటికింకా ఫలితాలు రాలేదు కనుక.

వచ్చాక నవ్వలేదు. అర్జీ పెట్టాడు. కాగితాలన్నీ నేనే జిరాక్స్ తీసిచ్చాను, లాతూర్ వార్తలు, పుస్తకంలోని ఆ నాలుగు పేజీలు. ఆఫీసులో సూపరింటెండెంట్ ఆ ఇంగ్లిష్ పేజీలను తలకిందులుగా పట్టుకొని చూశాడట. ఇది బయటి దేశం పుస్తకం, మాకు మన బడి పుస్తకమే ప్రమాణం అన్నాడట. బడి పుస్తకం లాతూర్ కంటే ముందు అచ్చయింది సార్ అంటే, అయితే కొత్తది అచ్చయినంక రా అన్నాడట. ఆ తర్వాత మూడుసార్లు వెళ్లాడు. ఒకసారి సెలవు, ఒకసారి బదిలీ, చివరిసారి నియామకాలు అయిపోయాయన్నారు. ఇందులో దుర్మార్గులెవరూ లేరు. అందుకే నాకు ఇంకా ఒళ్లు మండుతుంది. ఒక దుర్మార్గుడుంటే తిట్టుకొని పడుకోవచ్చు.

ఇంట్లో పరిస్థితి నేను స్వయంగా చూశాను. ఒక ఆదివారం నేను వెళ్లేసరికి మాసయ్య గడప మీద కూర్చొని ఉన్నాడు. ఆయనకు ప్రశ్న ఏంటో, కొడుకు ఏం రాశాడో మళ్లీ చెప్పించుకున్నాడు. ఎంతసేపు ఆలోచించినా ఆయనకు అర్థం కాలేదు.

"మనం ఎత్తినం గద రాళ్లు," అన్నాడు. "ముగ్గురం ఎత్తినం. ఆ సంగతి చెప్పలేదా వాళ్లకు?"

"చెప్పిన నాయినా."

"చెప్తే ఏమన్నరు?"

"భూకంపమే రాలేదన్నరు."

మాసయ్య నా వైపు చూశాడు, చదువుకున్నవాణ్ణనుకొని. నేను తల దించుకున్నాను. లోపల అన్నం వారుస్తున్న నర్సింహమ్మ అక్కణ్ణుంచే అంది: "అవతలోడు మూడు కావాలంటే మూడు వెయ్యాలె. తట్టల సున్నం అడిగితే సున్నం ఇస్తం, ఇసుక అడిగితే ఇసుక ఇస్తం. నీ తెలివి ఎవడడిగిండు కొడుకా? ఒక చుక్క తప్పు పెట్టనీకి నీకేం బోయింది?"

రాఘవేందర్ కంచం ముందు కూర్చొని అన్నం కలిపి, అట్లాగే వదిలేసి లేచాడు. కొన్నాళ్లు తండ్రి వెంట పనికి పోయాడు. లైబ్రరీకి రావడం మానేశాడు. అతని కుర్చీలో ఏడుకొండలు కూర్చునేవాడు. వాడికీ ఉద్యోగం రాలేదు, కానీ వాడికి వయసుంది.

మరుసటి ఏడాది గోవర్ధన్ సార్ మా షాపుకి జిరాక్స్ కోసం ఒక కట్ట పంపాడు. జాగ్రఫీ మెటీరియల్. చేతిరాత చూడగానే రాఘవేందర్‌దని తెలిసింది. అతను అక్కడ సార్‌గా చేరాడని అప్పుడే నాకు అర్థమైంది. సంతోషపడ్డాను, అబద్ధమెందుకు. కాపీలు తీస్తూ చదివాను. పలకలు, హద్దులు, అగ్నిపర్వతాలు, అన్నీ నీళ్లంత తేటగా ఉన్నాయి. చివరి పేజీలో బాక్స్ గీసి, రెండు గీతలు కొట్టి రాశాడు: భూకంపాలు రాని ప్రాంతం, దక్కన్ పీఠభూమి.

మెషీన్ ఆపేశాను. నా కళ్ల ముందే ఆ పేజీ వందల కాపీలుగా బయటికి రావాలి. ఆపితే నా పని పోతుంది. మళ్లీ మెషీన్ నడిపాను.

అప్పటినుంచి అతన్ని తప్పించుకు తిరిగాను. తొంభైఏడు మే నెలలో జబల్‌పూర్‌లో భూకంపం వచ్చింది. అదీ పలక హద్దు మీద కాదు, పలక లోపలే. ఆ పేపరు పట్టుకొని నేరుగా అశోక్‌నగర్ కోచింగ్‌కి వెళ్లాను. పైన గదిలో క్లాసు నడుస్తోంది. ఫ్యాన్లు తిరగడం లేదు, పిల్లలు నోటు పుస్తకాలతో విసురుకుంటున్నారు. నేను తలుపు దగ్గర నిలబడ్డాను.

రాఘవేందర్ బస్సు గురించి చెబుతున్నాడు. నారాయణగూడలో పొద్దున బస్సెక్కినట్టు ఊహించుకోండి అన్నాడు. వెనక డోర్‌లోంచి జనం తోసుకుంటూ ఎక్కుతున్నారు, కండక్టర్ ముందుకు జరుగుండ్రి అని అరుస్తున్నాడు. ముందు డోర్ మూసుంది. మన పలక ఆ జనం, ఉత్తరం దిక్కు జరుగుతా ఉంటది. ముందు డోర్ దగ్గర ఆసియా ఉంది, జరగదు. అక్కడ నలిగేవాళ్లు నలుగుతారు, అది హిమాలయం. కానీ తోపు నడుమ ఉన్నవాళ్ల మీద కూడా పడుతుంది. నడుమ మోకాళ్ల నొప్పులున్న ముసలాయన ఒకాయన నిలబడ్డాడు. ముప్పై ఏండ్ల కింద కాలు విరిగిందాయనకు. డోర్ దగ్గర కాదు, అంచున కాదు, కానీ ముందు కూలబడేది ఆయనే. లాతూర్ ఆయనే.

నాకు ఆ ఇంగ్లిష్ పుస్తకం నాలుగు పేజీల్లో చెప్పలేకపోయినదాన్ని అతను నాలుగు మాటల్లో చెప్పాడు. ముందు బెంచీలో కూర్చున్న ఉదయశ్రీ అనే అమ్మాయి చెయ్యెత్తింది.

"సార్, అయితే దక్కన్‌ల భూకంపాలు వస్తయి గదా? మెటీరియల్‌ల రావని ఉన్నది."

"పరీక్షల రావమ్మా," అన్నాడు రాఘవేందర్. "మూడు పెట్టు."

క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి నవ్వలేదు, రాసుకుంది.

క్లాసు అయ్యాక అతను నన్ను చూసి మెట్ల మీదికి వచ్చాడు. చొక్కా చంకల దగ్గర తడిసిపోయి ఉంది, వేళ్లకు సుద్ద. బాగున్నవా అని కూడా అడగనివ్వలేదు నేను. పేపరు అతని ఛాతీకి ఆనించి పట్టుకున్నాను. జబల్‌పూర్ చూడు అన్నాను. ఇంకెంతమంది చావాలి అన్నాను. ఏ తప్పు జవాబుతో నీ నౌకరి పోయిందో దాన్నే నువ్వు పిల్లలకు గీతలు కొట్టి ఇస్తున్నావు, ఈ పిల్లల్లోంచే రేపు ఒకడు ప్రశ్నలు వేసేవాడవుతాడు, వాడూ మూడే కీ పెడతాడు, అప్పుడు అది నీ కీ అవుతుంది అన్నాను. చాలా అన్నాను. మెట్ల మీద పిల్లలు మమ్మల్ని తప్పుకుంటూ దిగిపోయారు.

అతను పేపరు తీసుకొని చదివాడు. జబల్‌పూర్ వార్త మొత్తం, లోపలి పేజీలో మిగిలిన ముక్కతో సహా చదివాడు. మడిచి నా చేతికిచ్చాడు.

"జర మెల్లగ మాట్లాడు, ఇంకో బ్యాచ్ వస్తున్నది," అన్నాడు. "ఆగస్టుల పరీక్ష ఉన్నది. ఆ ముందు బెంచీ పిల్లకు ఇదే ఆఖరిది, వయసు అయిపోతది. నాలుగు పెట్టమని చెప్పాల్నా? చెప్పు, చెప్పుమంటే పోయి చెప్త."

చెప్పమనాలని నోటిదాకా వచ్చింది.

"పరీక్ష అయినంక ఒకరోజు అందర్ని పిలుస్త," అన్నాడు. "అసలుది ఏందో ఆ రోజు చెప్త. నువ్వు కూడ రా."

"ఎవరొస్తరన్నా పరీక్ష అయినంక?"

కింద నుంచి కొత్త బ్యాచ్ మెట్లెక్కుతోంది. అతను గోడకు ఒత్తుకొని వాళ్లకు దారిచ్చాడు.

"నౌకరొచ్చినోడు రాడు. రానోడు అసలే రాడు," అన్నాడు రాఘవేందర్. "నాకెర్కనే. అయినా పిలుస్త."